తొప్పి వినపడని కుర్చీ

నా అరవై ఎనిమిదో ఏట, మాఘమాసంలో, నా చెవులు పోయాయని నాకు నమ్మకం కుదిరింది.

పూర్తిగా పోవటం కాదు. మా ఆవిడ అనసూయ వంటింట్లోంచి పిలిస్తే వినపడేది. పాలతని సైకిలు బెల్లు వినపడేది. మృదంగం ఎడమ వైపు మాత్రం వినపడటం మానేసింది. మృదంగానికి కుడి పక్క చిన్న మూత, ఎడమ పక్క పెద్ద మూత ఉంటాయి. ఆ పెద్దదాన్ని తొప్పి అంటారు. కచేరీకి ముందు దాని మధ్యలో తడిపిన రవ్వ ముద్ద అంటిస్తారు. ఆ ముద్ద పుణ్యమా అనే దానికి ఆ గుమ్మనే గొంతు వస్తుంది. నలభై రెండేళ్ళుగా నేను ఇంట్లో సెట్టు పెట్టుకుని పాటలు వింటున్నానంటే, దాచుకోవటం ఎందుకు, సగం ఆ గుమ్ము కోసమే. అది చెవిలో కాదు, పొట్టలో వినపడాలి. అదే రికార్డు, అదే సెట్టు. గాయకుడి గొంతు వస్తోంది, వయొలిన్ వస్తోంది, మృదంగం కుడిచేతి టకటకలు వస్తున్నాయి. వాటి కింద ఏమీ లేదు.

ముందు సెట్టునే అనుమానించాను. రికార్డు మీద నడిచే ముల్లు మార్చాను. యాంప్లిఫయర్ రెండుసార్లు విప్పి మళ్ళీ బిగించాను. స్పీకర్ల కింద గ్రానైటు పలకలు వేశాను. గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించాను. అనసూయ వాటిని చూసి, "ఇక కోళ్ళు ఒక్కటే తక్కువ," అంది. అయినా తొప్పి రాలేదు.

అప్పుడు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను గాజు గదిలో కూర్చోబెట్టి, సన్నటివీ లావుటివీ ఈలలు వినిపించి, "మీ వయసుకి దివ్యంగా ఉన్నాయండీ," అన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. ఆయన మెషిను ఈలలు వేస్తుంది గానీ తొప్పి వాయించదు కదా.

నా బాధ ఏమిటో తెలియాలంటే నా గొప్ప కూడా కొంచెం చెప్పాలి. మా తెనాలిలో పాటల కోసం పెద్ద సెట్లు పెట్టుకున్నవాళ్ళం ఏడెనిమిది మందిమి ఉన్నాం. ఎవరు కొత్త స్పీకర్లు కొన్నా ముందు నన్ను పిలిచేవారు. నేను వెళ్ళి, కాఫీ తాగి, కళ్ళు మూసుకుని విని, తీర్పు చెప్పి వచ్చేవాణ్ణి. ఒక రిటైరయిన తహసీల్దారు గారికి, "మీ వయొలిన్ రేకు డబ్బా మీద గీసినట్టుందండీ," అని చెప్పాను. ఆయన మళ్ళీ నన్ను పిలవలేదు. ఇప్పటికీ మార్కెట్లో ఎదురుపడితే వంకాయలకేసి చూస్తాడు. ఊళ్ళో 'రాఘవులు గారి చెవి' అంటే అంత పేరు. ఆ చెవే పోయిందంటే ఇంకేం మిగిలింది?

అందుకని సెట్టు ఇచ్చేద్దామనుకున్నాను. గుంటూరులో ఒక పళ్ళ డాక్టరు ఎన్నాళ్ళుగానో దాని మీద కన్నేసి ఉన్నాడు. ఆదివారం వ్యాను తెస్తానన్నాడు. రికార్డులు కూడా తీసుకుపొమ్మన్నాను.

"ఇచ్చేసి ఏం చేస్తారు?" అంది అనసూయ.

"ఏం చేస్తాను, పేపరు చదువుకుంటాను."

"పేపరు తొమ్మిదింటికల్లా అయిపోతుందిగా," అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. తొమ్మిది తరవాత రోజంతా ఎంత పొడుగుంటుందో ఒక్కసారి కళ్ళ ముందు కనపడింది. గురువారం పొద్దున్నే సుభానీ ఉస్తాదు గారి కొట్టుకి వెళ్ళాను.

ఉస్తాదు గారికి అప్పటికి ఎనభై నాలుగు. రైలు స్టేషను దాటాక రెండో సందులో రేడియోలు బాగుచేసే కొట్టు ఆయనది. ఆయన చదువు ఐదో తరగతి. నేను బీయస్సీ ఫిజిక్సు చదివి, కరెంటాఫీసులో ఉద్యోగంలో చేరి, సాయంత్రాలు ఆయన దగ్గర పని నేర్చుకోవటానికి వెళ్ళేవాణ్ణి. అలా ఆరేళ్ళు వెళ్ళాను. మొదటి రోజే నా ముందు ఒక పాత రేడియో పెట్టి, ఆన్ చేసి, "ఇదేమంటోంది?" అని అడిగారు.

నేను శ్రద్ధగా విని, "స్పీకరు అట్ట చిరిగిందండీ," అన్నాను.

"ఇదేమంటోంది అని అడిగా."

"లోపల వాల్వు కూడా ఒకటి నీరసించినట్టుంది."

"వరికి మందు ఎప్పుడు కొట్టాలో చెబుతోందయ్యా. ఇంతసేపూ నేను అదే విన్నాను. నువ్వేం విన్నావు?"

నా ఫిజిక్సు పట్టా ఆ సాయంత్రమే సగం నలిగింది. మిగతా సగం నలగటానికి ఆరేళ్ళు పట్టింది.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉండేది. బాగుచేసిన ఏ సెట్టునీ దాని ముందు కూర్చుని పరీక్షించేవారు కాదు. ఆన్ చేసి, రోడ్డు దాటి ఎదురుగా ఉన్న సోడా కొట్టుకి వెళ్ళి, టీ చెప్పేవారు. లారీలూ రిక్షాలూ మధ్యలోంచి పోతూ ఉండేవి. టీ అయ్యేదాకా సెట్టుని మరిచిపోయి ఎవరితోనో కబుర్లాడుతూ ఉండేవారు. ఆ కబుర్లు ఎక్కడన్నా ఆగిపోయి ఆయన తల పాట వైపు తిరిగితే, ఆ సెట్టు బాగయినట్టు. తిరగకపోతే వచ్చి మళ్ళీ విప్పేవారు. నాకు అదేదో టీ తాగటానికి పెట్టుకున్న వంకలా అనిపించేది. నేను మాత్రం సెట్టు ముందే చెవి ఆనించి కూర్చునేవాణ్ణి.

గురువారం నేను వెళ్ళేసరికి ఆయన ఏదో వైరుని నాలుక చివరన పట్టుకుని ఆలోచిస్తున్నారు.

"ఉస్తాద్, నా చెవులు పోయాయి. ఒకసారి ఇంటికి వచ్చి చూడండి. పోయాయో లేదో మీరు చెబితే నమ్ముతాను."

ఆయన వైరు తీసి పక్కన పెట్టి నావంక చూశారు. "చెవులు చూడటానికి మీ ఇంటిదాకా ఎందుకు? రెండూ ఇక్కడే ఉన్నాయిగా."

"హాస్యం కాదండి. ఆదివారం సెట్టు గుంటూరు వెళ్ళిపోతోంది."

ఆయన వైరు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. కాసేపటికి, "శనివారం మీ ఇంట్లో ఏం కూర?" అని అడిగారు.

"తెలియదండి."

"కనుక్కుని ఉంచు. పదకొండింటికి వస్తా."

శనివారం వచ్చారు. చేతికర్ర పట్టుకుని రిక్షా దిగి, తిన్నగా సెట్టు ఉన్న గదిలోకి వచ్చి నిలబడ్డారు. నేను ఆ గదిని ఎలా ఉంచుకున్నానో చెప్పాలి. ఎదురు గోడకి రెండు స్పీకర్లు. వాటికి ఎదురుగా సరిగ్గా నడిమధ్యన ఒకే ఒక్క చేతుల కుర్చీ. ఆ కుర్చీలో తల ఆనించే చోటు నుంచి కుడి స్పీకరుకీ ఎడమ స్పీకరుకీ దూరం నూలుపోగంత తేడా లేకుండా దారం కట్టి కొలిచాను. కుర్చీ కాళ్ళు కదలకుండా నేల మీద ఎర్ర రంగుతో గుర్తులు పెట్టాను. పాట నడుస్తుండగా ఫ్యాను వేయకూడదు, కుక్కరు పెట్టకూడదు. నలభై ఏళ్ళుగా మా ఇంట్లో పప్పు నా కచేరీ అయ్యాకే ఉడుకుతుంది. రెండో కుర్చీకి ఆ గదిలో చోటు లేదు, ఎందుకంటే నడిమధ్య అనేది ఒక్కటే ఉంటుంది.

"వెయ్యి," అన్నారు ఉస్తాదు గారు కుర్చీలో కూర్చుని.

కల్యాణి రాగం ఉన్న రికార్డు వేశాను. అది తొప్పి బాగా మోగే రికార్డు. ఆయన అర నిమిషం విన్నారు. తల ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి వంచారు. లేచి నిలబడి, కర్ర గోడకి ఆనించి, కుర్చీకి ఒక పక్క చెయ్యి వేశారు.

"ఆ పక్క పట్టుకో."

"ఉస్తాద్, దాన్ని కదపకూడదండి. కొలిచి వేశాను."

"తెలుస్తూనే ఉంది. పట్టుకో."

పట్టుకున్నాను. ఎనభై నాలుగేళ్ళ మనిషీ అరవై ఎనిమిదేళ్ళ మనిషీ ఒక టేకు కుర్చీ మోసుకుని, ఎర్ర గుర్తులు దాటి, కుడి స్పీకరు పక్కనుంచి వెళ్ళి, వంటింటి గుమ్మంలో దించాం. రికార్డు తన పాటికి తను తిరుగుతూనే ఉంది.

గుమ్మం అవతల అనసూయ నేల మీద చేట పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మమ్మల్ని చూసి పైట సర్దుకుని లేవబోయింది.

"కూర్చో అమ్మా," అని ఉస్తాదు గారు పీట లాక్కుని ఆవిడ ఎదురుగా చతికిలబడ్డారు. "నాకో గుప్పెడు ఇటు పడెయ్యి."

"అయ్యో, మీకెందుకు అన్నయ్య గారూ."

"కూరలో నాకూ వాటా ఉందిగా." అని నావైపు తిరిగి, "నువ్వు ఆ కుర్చీలో కూర్చో. నీకూ గుప్పెడు ఇస్తుంది. నోరు మాత్రం తెరవకు," అన్నారు.

కూర్చున్నాను. ఒళ్ళో చిక్కుడుకాయలు పడ్డాయి. నాకు ఒలవటం రాదు. ఒక చివర గిల్లి ఈనె లాగితే సగంలో తెగిపోతోంది. అనసూయ ఓరగా చూసి, "తొడిమ వైపు నుంచి లాగాలి," అంది. తొడిమ వైపు నుంచి లాగాను. వచ్చింది. ఇంకోటి లాగాను. అదీ వచ్చింది. ఉస్తాదు గారు ఆవిడతో తన చిన్నకోడలు చేసే చిక్కుడుకాయ కూర గురించి చెబుతున్నారు. అందులో వాము వేస్తుందట. వాము వేయటమేమిటని అనసూయ వాదిస్తోంది. నేనూ అదే అనుకున్నాను. చిక్కుడుకాయలో వామేమిటి?

గుమ్, అంది ఏదో.

చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. మళ్ళీ వచ్చింది. గుమ్, గుమ్, తరవాత ఒక చిన్న జారుడు, నీళ్ళ బిందె ఎవరో చంకనుంచి మెల్లగా దించినట్టు. అది నా చెవులకి రాలేదు. పొట్టకి వచ్చింది. కుర్చీ చేతుల్లోకి వచ్చింది. రవ్వ ముద్ద తడి కూడా వినపడిందంటే మీరు నమ్మరు.

"వినపడుతోంది," అన్నాను.

"ఏమిటి?" అంది అనసూయ.

"తొప్పి."

"రోజూ వినపడుతోందిగా," అంది ఆవిడ, కాయలోంచి కళ్ళెత్తకుండానే. "ఇవాళ కొత్తేముంది?"

అప్పుడే కుక్కరు కూత వేసింది. ఉస్తాదు గారి భోజనం ఆలస్యమవుతుందని ఆవిడ ధైర్యం చేసి పెట్టేసినట్టుంది. గబుక్కున నావంక చూసింది. నేను చేతిలో కాయ ఈనె లాగాను. కుక్కరు మూడు కూతలూ వేసింది, తొప్పి దాని పని అది చేసుకుపోయింది. నాకు నవ్వు వస్తోంది, కళ్ళు తుడుచుకుందామంటే చేతులనిండా చిక్కుడు ఈనెలు.

"అయితే ఉస్తాద్, నా చెవులు..."

"చూశావుగా."

"మరి అక్కడ ఎందుకు..."

"ఇందులో పుచ్చుది వేశావు చూడు," అని నా చిక్కుడుకాయ ఒకటి ఏరి పారేశారు. "నెల రోజులు కుర్చీ ఇక్కడే ఉండాలి. రికార్డు వేయటానికి తప్ప సెట్టు మీద చెయ్యి వేయకు. వెనక్కి తొంగి కూడా చూడకు."

భోజనం చేసి, వాము లేని కూర కూడా పరవాలేదని ఒప్పుకుని, రిక్షా ఎక్కారు. నేను పళ్ళ డాక్టరుకి ఫోను చేసి రావద్దన్నాను. "చెవులు వచ్చేశాయా అండీ?" అన్నాడు అతను. ఆ గొంతులో సంతోషం ఉందని చెప్పలేను. తను స్పీకర్లకి బల్లలు కూడా చేయించుకున్నాడని తరవాత తెలిసింది.

నెల రోజులు గుమ్మంలో కూర్చున్నాను. గురువు మాట కాబట్టి మొదటి మూడు రోజులు కూర్చున్నాను. తరవాత అది ఆయన మాటన్న సంగతే మరిచిపోయాను.

ఆ నెలలో నాకు తెలిసిన సంగతులు రాస్తే పెద్ద పుస్తకమవుతుంది. నా రికార్డులు అనసూయకి నాకంటే బాగా తెలుసు. పేర్లతో కాదు. మోహన రాగం రికార్డు మొదటి వైపు అయ్యేసరికి చారు మరుగుతుంది. ఫలానా వయొలిన్ రికార్డు రెండో వైపు పెట్టానంటే నాకు ఆఫీసులో ఎవరితోనో గొడవ అయిందని, ఆ పూట నాతో మాట్లాడకూడదని లెక్క. ఒకరోజు పాట మధ్యలో, "ఇప్పుడు రెండుసార్లు టప్ మంటుంది చూడండి," అంది. గీత పడిన చోట ముల్లు సరిగ్గా రెండుసార్లు టప్ మంది. "ఆ గీత పడింది మనం కాపరం పెట్టిన మూడో ఏడు," అంది. "మీరు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు."

పదకొండో రోజు పోపు వేస్తూ, "ఆ ఆకుపచ్చ అట్ట రికార్డు వేయకూడదూ," అంది.

మా పెళ్ళయి నలభై ఒక్క ఏళ్ళు. ఫలానా పాట వేయమని ఆవిడ అడగటం అదే మొదలు.

"ఏ ఆకుపచ్చది?"

"ఆడమనిషి పాడినది. మీరది వేసి ఏడేళ్ళు దాటింది."

వెతికాను. బీరువాలో అడుగున ఉంది. అది ఎందుకు వేయటం మానేశానో అప్పుడు గుర్తొచ్చింది. దాని రికార్డింగు బాగా లేదని, ఎడమ వైపు ధ్వని పలచగా ఉందని పక్కన పడేశాను. దుమ్ము తుడిచి వేశాను. పలచగానే ఉంది. కానీ అందులో ఒక పాట ఉంది. ఏడేళ్ళ కిందట నేను ఆ పాట వినలేదు, ఎడమ వైపు విన్నాను. ఆవిడ పోపు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆవాలు మాడాయి. ఆ రోజు మాడిన పోపుతోనే తిన్నాం.

ముప్పై ఒకటో రోజు పొద్దున్నే టార్చి లైటు పట్టుకుని స్పీకర్ల వెనక్కి దూరాను.

స్పీకరు ఒక్కోదానికి రెండు తీగలు వెళతాయి. కుడిదానికి ఏది ఎక్కడ తగిలిస్తే ఎడమదానికీ అది అక్కడే తగిలించాలి. అప్పుడు రెండూ గాలిని ఒకేసారి ముందుకు తోస్తాయి. ఒకదానికి తిరగేసి తగిలిస్తే, ఒకటి తోస్తుంటే రెండోది లాగుతుంది. గదిలో ఇంకెక్కడున్నా అంతగా తెలియదు గానీ, రెంటికీ సమదూరంలో కూర్చున్నవాడికి మాత్రం లావుటి ధ్వనులన్నీ ఒకదాన్నొకటి మింగేసుకుంటాయి. ఎంత కచ్చితంగా కొలిచి కూర్చుంటే అంత కచ్చితంగా మింగేసుకుంటాయి. నేను నూలుపోగు తేడా లేకుండా కూర్చున్నాను.

కార్తీకంలో గోడలకి రంగులు వేయించినప్పుడు పాత ఎర్ర నల్ల వైర్లు తీసేసి, పైదేశం వైరు వేసుకున్నాను. దాని రెండు తీగలూ వెండిలా మెరుస్తూ ఒకేలా ఉంటాయి. ఎడమ స్పీకరుకి తిరగేసి బిగించాను.

సరిచేయటానికి ఒక నిమిషం పట్టింది. కుర్చీ ఎర్ర గుర్తుల మీదికి ఈడ్చి కూర్చున్నాను. తొప్పి మోగితే కిటికీ రెక్క కదిలింది. నేను గట్టిగా నవ్వానుట. అనసూయ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమయింది?"

"వైరు తిరగేసి పెట్టాను."

"ఎవరు?"

"నేనే."

"కరెంటాఫీసులో ముప్పై ఐదేళ్ళు ఎలా నెట్టుకొచ్చారండీ?" అంది.

ఆ పూట బెండకాయలు. మధ్యాహ్నానికి కుర్చీ మళ్ళీ వంటింటి గుమ్మానికి వచ్చేసింది. అక్కడ గాలి కూడా బాగా వస్తుంది.

సాయంత్రం ఉస్తాదు గారి కొట్టుకి వెళ్ళాను. ఆయన లేరు. కొట్టులో ఎవరిదో సెట్టు పాడుతోంది. రోడ్డు దాటి సోడా కొట్టుకి వెళ్ళాను. బెంచీ మీద కూర్చుని టీ ఊదుకుంటున్నారు. నేనూ పక్కన కూర్చున్నాను.

"ఎడమ స్పీకరు వైరు తిరగబడి ఉంది," అన్నాను.

"ఊఁ."

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"కుర్చీలో కూర్చోగానే."

"ఒక్క నిమిషం పని కదా ఉస్తాద్. ఆ రోజే చెబితే ఆ రోజే మార్చేసేవాణ్ణి. చెప్పలేదేం?"

ఆయన టీ అడుగంటా తాగి, గ్లాసు బెంచీ మీద పెట్టారు.

"నువ్వు చెవుల గురించి అడిగావు," అన్నారు. "సెట్టు గురించి అడగలేదుగా."